ఉక్కు వేలు

“కవర్ మేమే విప్పేశామని ముందే రాసుకొచ్చావా, లేక నా ఎదురుగా కూర్చుని రాస్తావా?”

వదిన తలుపు సగమే తీసింది. మిగతా సగంలో తను నిలబడింది. చేతిలో ఉన్నది దువ్వెనే గానీ, పట్టుకున్న తీరు కత్తిని పట్టుకున్నట్టుంది.

“లోపలికి రానిస్తావా వదినా?”

“ఎవరిగా? ఆడపడుచుగానా, కంపెనీ మనిషిగానా?”

“కంపెనీ మనిషిగా.”

“అయితే రా. ఆడపడుచువైతే మొహాన తలుపేసేదాన్ని.”

ఆ ఇంటి ముందు గదే వదిన బ్యూటీ పార్లర్. ఒక పెద్ద అద్దం, ఒక కుర్చీ, గోళ్ల రంగుల సీసాలు వరసగా పేర్చిన అర. కుర్చీలో ఒకావిడ వెనక్కి వాలి ఉంది. మొహం నిండా బూడిదరంగు పూత. అది ఆరేదాకా ఆవిడ నోరు మెదపకూడదు. కళ్లు మాత్రం ఒక్క మాట కూడా జారిపోకుండా మా ఇద్దరి మీదా తిరుగుతున్నాయి.

“కదలకండి, పగులుతుంది,” అంది వదిన ఆవిడతో. “వినడానికేం అభ్యంతరం లేదు. నలుగురూ వినాలనే నేనూ అనేది.”

నేను పనిచేసేది వ్యాయామ సైకిళ్ల ఫ్యాక్టరీలో. ఇంట్లో ఒక మూల పెట్టుకుని, ఎక్కడికీ వెళ్లకుండా తొక్కే సైకిళ్లు. ముందు బరువైన ఇనుప చక్రం, దాని చుట్టూ ప్లాస్టిక్ కవర్. ఆ కవర్ సందుల్లోంచి పసిపిల్లల వేలు చక్రం దాకా పోకూడదు. పోతుందో లేదో చూసేది నేను. అందుకు నా దగ్గర ఒక ఉక్కు వేలు ఉంది. పసిపిల్ల చిటికెన వేలంత లావు, మూడు కణుపులు, వెనక ఒక పిడి. ప్రతి సందులోనూ దాన్ని దూర్చి చూస్తాను. చక్రానికి తగిలితే ఆ మోడల్ బయటికి పోదు. తగలకపోతే సంతకం పెడతాను.

ఎనిమిదేళ్లుగా ఇదే పని. అన్నయ్యకి షుగర్ ఉందని తేలిన వారమే, రోజూ అరగంట తొక్కమని ఈ సైకిల్ తెచ్చి ఈ ఇంట్లో పెట్టింది నేనే. కవర్ మీద ‘పిల్లలున్న ఇంటికి సురక్షితం’ అని స్టిక్కర్ ఉంటుంది. దాని కింద నా సంతకం అచ్చు.

పన్నెండు రోజుల క్రితం అన్నయ్య దాన్ని తొక్కుతున్నాడు. రెండున్నరేళ్ల చిట్టెలుక పక్కనే కూర్చుంది. నా మేనకోడల్ని ఇంట్లో అందరం అలాగే పిలుస్తాం. చక్రం విసిరే గాలి అరచేతికి తగులుతుంటే కిలకిలా నవ్వుతోందట. ఆ నవ్వు కేక అవడానికి రెప్పపాటు పట్టింది. కుడిచేతి చిటికెన వేలి కొస గోరుతో సహా పోయింది. డాక్టర్లు కుట్లు వేయగలిగారు గానీ పోయిన ముక్కని అతకలేకపోయారు.

వదిన కంపెనీకి ఫిర్యాదు రాసింది. ఫిర్యాదు వచ్చిన మోడల్ని తనిఖీ మనిషి మళ్లీ చూసి చీటీ ఇచ్చేదాకా గేటు దాటించకూడదన్నది మా ఫ్యాక్టరీ నియమం. ఇవాళ అదే మోడల్‌తో నిండిన మూడు లారీలు గేటు లోపల నిలబడి ఉన్నాయి. మా మేనేజర్ కాగితం ముందే టైపు చేయించి నా చేతికిచ్చాడు. ‘ఉక్కు వేలు లోపలికి పోలేదు. వాడినవారు కవర్ విప్పి ఉంటారు. కంపెనీ తప్పు లేదు.’ కింద నా సంతకానికి ఖాళీ. నాలుగు గంటల లోపు సంతకం చేసి ఫొటో తీసి పంపాలి.

ఆ కాగితాన్ని నేను నమ్మాను. అన్నయ్య సంగతి నాకు తెలుసు. చేతులూరుకోవు. ఫ్యాన్ విప్పుతాడు, మిక్సీ విప్పుతాడు, బిగించాక రెండు స్క్రూలు మిగులుస్తాడు. సైకిల్ కూడా విప్పే ఉంటాడు. ఆ మాట వదిన మొహం మీదే తేల్చి చెప్పాలని వచ్చాను.

“సైకిల్ ఎక్కడ?”

“ఎక్కడ పెట్టావో అక్కడే. అడుగు కూడా కదపలేదు. కదిపితే అదో నేరం అంటారుగా మీవాళ్లు.”

లోపలి గదిలో దాని మీద దుప్పటి కప్పి తాడుతో కట్టేశారు, పిచ్చికుక్కని కట్టేసినట్టు. పెడల్స్‌కి కూడా విడిగా తాడు ఉంది. చిట్టెలుక గోడవారగా కూర్చుని ఎడమచేత్తో గిన్నెలు బోర్లిస్తోంది. కుడిచేతికి కట్టు. నన్ను చూసి లేవబోయింది.

“కూర్చో,” అంది వదిన. పిల్ల కూర్చుంది.

నేను తాడు విప్పి, దుప్పటి తీసి, మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేశాను. కవర్‌కి ఆరు స్క్రూలు. ఫ్యాక్టరీలో ప్రతి స్క్రూ తల మీంచి కవర్ మీదికి సన్నటి పసుపు గీత గీస్తాం. స్క్రూ వెంట్రుకవాసి తిప్పినా గీత రెండు ముక్కలవుతుంది. మొదటిది చూశాను. గీత అతికే ఉంది. రెండోది, మూడోది. ఆరూ అతికే ఉన్నాయి.

ఈ కవర్‌ని ఎవరూ విప్పలేదు.

“ఏం, బెల్లం కొట్టిన రాయిలా అయిపోయావు?” అంది వదిన వెనక నుంచి. “విప్పారా? మీ అన్నయ్య విప్పాడా?”

“లేదు.”

“గట్టిగా. పార్లర్లో ఆవిడకి వినపడలేదు.”

“విప్పలేదు!” అరిచాను. నాకూ మండింది. “అంతమాత్రాన నీ తప్పేం లేదనుకోకు వదినా. తిరిగే చక్రం పక్కన పసిపిల్లని ఎవరైనా కూర్చోబెడతారా? తొక్కేటప్పుడు పిల్లల్ని గదిలోకి రానివ్వకూడదని పుస్తకంలో రాసుంది.”

“నా తప్పు లేదని నేనన్నానా? పన్నెండు రోజులుగా తిట్టుకుంటూనే ఉన్నా. పుస్తకం చదవలేదు, స్టిక్కర్ చదివాను. నీ సంతకం చూసి నమ్మాను. అదే నేను చేసిన తప్పు. ఇక నీది చెప్పు.”

నేను బ్యాగులోంచి ఉక్కు వేలు తీశాను. ఈ ఏడాది రంగు తెలుపు. పాలలో ముంచి తీసినట్టు నున్నగా మెరుస్తోంది. కవర్ కింది సందులో పెట్టి నెట్టాను. పోలేదు. పక్కకి జరిపి నెట్టాను. పోలేదు. పిల్ల చెయ్యి పడిన చోటు వదిన కాలితో చూపించింది. అక్కడా పెట్టి, మోచేతి బలమంతా వేసి నెట్టాను. కొస సందు అంచుకి రాసుకుని ఆగిపోయింది.

“చూశావా?” అన్నాను. నా గొంతులో గెలుపు నాకే వినపడింది. “పోదు. ఇదే పసిపిల్ల వేలు కొలత. ఇది పోనిచోట ఏ పిల్ల వేలూ పోదు.”

“అంటే నా కూతురు వేలు తనంతట తనే ఊడిపడిందా?”

“నాకు తెలీదు. పోదు. అంతే.”

వదిన కొడుతుందేమో అనుకున్నాను. కొట్టలేదు. నా చేతిలోంచి ఉక్కు వేలు లాక్కుంది. పిల్ల దగ్గరికి వెళ్లి, మంచిగా ఉన్న ఎడమచేతి చిటికెన వేలి పక్కన పెట్టి చూసింది. మళ్లీ చూసింది. విసురుగా పార్లర్ గదిలోకి నడిచింది. నేను వెనకాలే వెళ్లాను. గోళ్లు చూసే చిన్న దీపం వేసి, ఉక్కు వేలి కొసని దాని కింద పెట్టింది.

సందు అంచుకి రాసుకున్న చోట తెల్లరంగు పెచ్చు లేచింది. దాని కింద ఆకుపచ్చ కనబడుతోంది. ఆకుపచ్చ కింద నారింజ గీతలా ఉంది.

“ఇది ఎన్ని పూతలు?” అంది వదిన. అరవకుండా అడిగింది. దానికే ఎక్కువ భయం వేసింది.

“ఏడాదికొకటి. ప్రతి ఏడూ పనిముట్లన్నీ సరిచూసి ఆ ఏటి రంగు పూస్తాం. రంగు చూస్తే చాలు, ఈ ఏడు తనిఖీ అయిందని తెలిసిపోతుంది.”

“పాతది తీసేసేగా?”

నేను గోళ్ల రంగుల సీసాల వైపు చూశాను.

“పాత పాలిష్ తీయకుండా కొత్తది వేస్తే ఈ కుర్చీలో మళ్లీ ఎవరూ కూర్చోరు. గోరు గడ్డలా తయారవుతుంది. ఇది మొదటిరోజు నేర్చుకునే పాఠం. ఎన్నేళ్ల చదువు నీది?”

కుర్చీలో ఆవిడ ‘ఊఁ’ అని ముక్కుతో మూలిగింది.

వదిన రిమూవర్ సీసా తీసింది. మొండి గోళ్ల రంగు వదిలించినట్టే, దూది తడిపి ఉక్కు వేలికి కొస నుంచి పిడి దాకా చుట్టింది, దాని మీద వెండి కాగితం బిగించింది. గడియారం చూసి, “పావుగంట,” అంది. ఆ పావుగంటా ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

చిట్టెలుక గుమ్మం దగ్గరికి వచ్చి వెండి కాగితం చుట్టిన వేలుని చూసింది. తన కట్టు చూసుకుంది.

“అత్తా, దీనికీ దెబ్బ తగిలిందా?”

నా ఫోన్ మోగింది. మేనేజర్. ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని ‘గడియారం’ అంటారు. పలకరింపు కూడా ‘ఎంతైంది?’ అనే ఉంటుంది.

“ఎంతైంది?”

“మూడున్నర సార్.”

“అది నాకూ తెలుసు. సంతకం ఎంతవరకు వచ్చింది?”

“చూస్తున్నాను.”

“చూడటానికేముంది? నెట్టు, పోదు, సంతకం పెట్టు. మీ వదిన ఏడిస్తే ఒక గ్లాసు మంచినీళ్లివ్వు.”

పెట్టేశాడు. గది చిన్నది, ఆయన గొంతు పెద్దది. వదిన మొత్తం వింది. వెండి కాగితం విప్పుతూ, “మంచినీళ్లు నువ్వే తాగు,” అంది. “కావాల్సొస్తాయి.”

కర్రపుల్లతో గీరడం మొదలుపెట్టింది. మెత్తబడిన రంగు చుట్టలు చుట్టలుగా తెల్ల తువ్వాలు మీద రాలింది. తెలుపు, దాని వెనక ఆకుపచ్చ. అది నిరుటిది. నారింజ అంతకు ముందుది. నీలం వేసిన ఏడు డబ్బా ఒలికి నా చెప్పులు పాడయ్యాయి. బూడిదరంగు, ఎరుపు, పసుపు. అట్టడుగున నలుపు. అది నేను ఉద్యోగంలో చేరిన ఏడు. ప్రతి రంగూ నాకు గుర్తే. ప్రతి డబ్బా మూత తీసింది నేనే. మిగతా పనిముట్లకి పిడి మీదే పూసేదాన్ని. ఉక్కు వేలు చిన్నది, కుంచెకి కుదిరేది కాదు. అందుకని దారం కట్టి డబ్బాలో నిలువునా ముంచి, తీసి, కిటికీకి ఆరేసేదాన్ని. ఎంత నున్నగా వచ్చిందో అని నలుగురికీ చూపించేదాన్ని కూడా.

“దీన్నెప్పుడూ కొలవలేదా?” అంది వదిన.

“కొలవం. నాకు పని నేర్పిన పాత సూపర్‌వైజర్ వద్దన్నాడు. ఉక్కు అరుగుతుందే గానీ పెరగదు. అరిగితే సన్నబడుతుంది. సన్నబడితే పరీక్ష ఇంకా కఠినమవుతుంది. పిల్లలకి మంచిదే. అందుకని కంటితో చూస్తే చాలన్నాడు.”

“కొలత తీయకుండా జాకెట్టు కూడా కుట్టరు!”

రంగంతా పోయాక తువ్వాలు మీద మిగిలినది సన్నటి ఉక్కు పుల్ల. ఇది నా చేతిలో ఎనిమిదేళ్లుగా ఉన్న వస్తువేనా అనిపించింది. నా బ్యాగులో కొలత పరికరం ఉంది. సందులు కొలవడానికి రోజూ వాడతాను. ఏ రోజూ దాన్ని ఈ వేలికి పెట్టలేదు. ఇప్పుడు వేలికీ, రాలిన పూత మందానికీ పెట్టాను. పూతలన్నీ కలిపి దాన్ని దాదాపు ఒక మిల్లీమీటరు లావు చేశాయి.

ఒక్క మిల్లీమీటరు.

లోపలి గదిలోకి వెళ్లి అదే సందు దగ్గర కూర్చున్నాను. ఈసారి నెట్టాల్సిన పని లేకపోయింది. పెట్టగానే లోపలికి జారింది. ఒక కణుపు, రెండో కణుపు. చక్రానికి తగిలి ‘టిక్’ మంది.

వదిన నా వెనకే ఉంది. ఆ చప్పుడు తనూ వింది.

ఫోన్ మోగింది. ఈసారి నేనే స్పీకర్ పెట్టాను.

“ఎంతైంది?”

“సార్, వేలు లోపలికి పోతోంది. పూతల వల్ల లావైపోయింది. రంగు తీసేస్తే చక్రానికి తగులుతోంది. లారీలు ఆపండి.”

 “రంగు తీయమని నీకెవరు చెప్పారు?” అన్నాడు.

“సార్, తగులుతోందంటున్నాను.”

“నేను అడిగింది అది కాదు. సరే. రంగు వేసిందెవరు?”

“నేనే.”

“ముంచిందెవరు? దారం కట్టి?”

“నేనే.”

“ఏటేటా పూతల సంగతి రాసే పుస్తకం నా బల్ల మీదే ఉంది. ఎనిమిదేళ్లు నీ చేతిరాత. స్టిక్కర్ల మీద నీ సంతకం. ఇది బయటికొస్తే మునిగేది కంపెనీ కాదమ్మా, నువ్వు. కంపెనీ ఒక కాగితం రాసి నిన్ను బయటికి పంపి చేతులు కడుక్కుంటుంది. కోర్టుకి ఎక్కేది నువ్వు. ఇంకెక్కడా నీకు తనిఖీ పని దొరకదు.” గొంతు తగ్గించాడు. “వచ్చేటప్పుడు రంగుల కొట్లో తెల్లరంగు డబ్బా ఒకటి తీసుకో. ముంచు. ఆరేసి తీసుకురా. సంతకం ఇప్పుడే పెట్టి ఫొటో పంపు. ఇంకో పదిహేను నిమిషాలుంది.”

ఫోన్ ఆగింది.

టైపు కాగితం సైకిల్ సీటు మీద పరిచి ఉంది. ఎప్పుడు పరిచానో గుర్తులేదు. పెన్ను మూత తీసి ఉంది, అదీ గుర్తులేదు. సంతకానికి వదిలిన ఖాళీ నా సంతకమంతే ఉంది, కొలిచి వదిలినట్టు. ఇది పెడితే తప్పు వదిన ఇంటిది. పెట్టకపోతే నాది, నా ఒక్కదానిదే. ఆ క్షణంలో నేను ఎటూ మొగ్గలేదని చెబితే అబద్ధం. పెన్ను ఖాళీ దాకా వెళ్లింది.

“పెట్టు,” అంది వదిన. “పెట్టి చూడు. నేను ఆపను. పిల్లకి పెళ్లీడు వచ్చాక ఆ చెయ్యి చూసి ఎవరైనా అడిగితే, మా మేనత్త సంతకం అని చెప్పుకుంటుంది.”

నేను కాగితం తిప్పాను. వెనక వైపు ఖాళీగా ఉంది. నిలబడే రాశాను: ‘కవర్ ఎవరూ విప్పలేదు. ఉక్కు వేలికి ఎనిమిదేళ్లు పాత రంగు తీయకుండా కొత్త రంగు పట్టించాను. అందువల్ల అది లావెక్కి, పోవాల్సిన సందుల్లోకి పోలేదు. ఈ కాలంలో నేను సరేనన్న ఏ మోడలూ నమ్మదగింది కాదు. ఈ తప్పు నాది.’ సంతకం పెట్టాను.

“సాక్షి కావాలి,” అన్నాను. “నువ్వు పనికిరావు. నువ్వు బాధితురాలివి.”

“నేను పెడతా.”

గుమ్మంలో పార్లర్ ఆవిడ నిలబడి ఉంది. ఆ మాట అనగానే మొహం మీది పూత పటపటా పగిలి, బుగ్గ మీది నుంచి ఒక పెంకు నేల మీద పడింది.

“నేను మాట్లాడొద్దని చెప్పలేదూ?” అంది వదిన.

“ఊరుకోవమ్మా. ఇది చూశాక మొహమెవడిక్కావాలి,” అంటూ ఆవిడ పెన్ను లాక్కుని గుండ్రంగా సంతకం చేసింది.

కాగితం ముందూ వెనకా ఫొటో తీసి మేనేజర్‌కి, కంపెనీ యజమానికి, సైకిళ్లు అమ్మే కొట్ల వాళ్లందరికీ పంపాను. తర్వాత గేటు కాపలాదారుకి ఫోన్ చేశాను.

“ఆ మూడు లారీలకి నేను చీటీ ఇవ్వడం లేదు.”

“సార్ వదిలేయమంటున్నారమ్మా. ఇక్కడే నిలబడి కేకలేస్తున్నారు.”

“చీటీ లేకుండా వదిలితే పోయేది ఎవరి ఉద్యోగం?”

“నాదే.”

“మరి?”

“మరేముంది, తాళం వేస్తా.”

వెనక నుంచి మేనేజర్ అరుపు వినిపించింది. ఈసారి టైము అడగలేదు.

ఉక్కు వేలిని వదిన చేతిలో పెట్టాను. “ఇది నీ దగ్గరుంచు. కంపెనీవాళ్లొచ్చి అడిగితే ఇవ్వకు. రేపు భయపడి నేనొచ్చి అడిగినా ఇవ్వకు.”

దాన్ని రాలిన రంగు పెంకులతో సహా తువ్వాల్లో మూటగట్టి, గోళ్ల కత్తెరలు పెట్టే సొరుగులో వేసి తాళం తిప్పింది వదిన.

“నిన్ను వదిలేశాననుకోకు,” అంది.

“అనుకోలేదు.”

“మీ అన్నయ్య అప్పటినుంచి అన్నం సరిగ్గా తినట్లేదు. తనే తొక్కాడని. ఇవాళ సాయంత్రం నువ్వే చెప్పు, ఆయన తప్పు కాదని. నేను చెబితే వినడు.”

తల ఊపాను. బ్యాగు సర్దుకుంటుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

“ఎక్కడికి? ఇలాంటిది మా ఇంట్లో ఒక్కటే ఉందా? ఇంకెన్ని ఇళ్లకి నీ నోటితో చెప్పి కొనిపించావు?”

లెక్కపెట్టాను. తోటి ఉద్యోగులు, వాళ్ల చుట్టాలు, మా వీధిలో ఇద్దరు. “పద్నాలుగు.”

“కొట్లవాళ్లు ఎప్పుడు చెబుతారో, ఎలా చెబుతారో. ఈ పద్నాలుగు ఫోన్లూ ఇప్పుడే చెయ్యి. ఇక్కడే. నేను నిలబడే ఉంటా.”

పార్లర్ కుర్చీలో కూర్చున్నాను. అద్దంలో నా వెనక వదిన, వదిన చంకలో చిట్టెలుక. మొదటి నంబరు మా ప్యాకింగ్ సెక్షన్ పెద్దాయనది. ఇవాళ సెలవు పెట్టాడు. ఇంట్లో కవల మనవలు, ఈ మధ్యే నడక నేర్చారు.

నాలుగుసార్లు మోగాక ఎత్తాడు.

“ఏమ్మా, సెలవు రోజు కూడా వదలవా?” మాటకీ మాటకీ మధ్య రొప్పుతున్నాడు. ఆ రొప్పు వెనక చక్రం గిర్రున తిరుగుతున్న చప్పుడు. దాని వెనక ఇద్దరు పిల్లల నవ్వు.

“బాబాయ్,” అన్నాను, “ఏమీ అడక్కు. ముందు కాళ్లు ఆపు.”